సొంత సర్వర్‌లో ఫీడ్ ఎందుకు ఖాళీగా ఉంటుంది?

నెలకింత అని అద్దె కట్టి ఒక చిన్న సర్వర్ తీసుకుని, ఒక డొమైన్ పేరు కొనుక్కుని, అందులో మాస్టోడాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఎవరైనా సొంతంగా ఒక సోషల్ మీడియా నడుపుకోవచ్చు. ప్రకటనలు ఉండవు. మన వివరాలు అమ్ముకునే కంపెనీ ఉండదు. మన సర్వర్‌లో మన నిబంధనలే చెల్లుతాయి. అక్కడ ఉంటూనే వేల ఇతర సర్వర్లలో ఉన్నవారిని ఫాలో కావచ్చు, వారితో మాట్లాడవచ్చు. ఈ సర్వర్లన్నిటినీ కలిపి ఫెడివర్స్ అంటున్నారు. ఇదంతా విని, ఓపిగ్గా సర్వర్ నిలబెట్టి, మొదటిసారి లాగిన్ అయినవారికి కనిపించేది మాత్రం ఖాళీ తెర. హోమ్‌లో ఏమీ ఉండదు, అది సహజమే, ఇంకా ఎవరినీ ఫాలో కాలేదు కదా. లోకల్ టైమ్‌లైన్ కూడా ఖాళీయే, అక్కడ ఉన్నది ఒక్కరే. కానీ ప్రపంచంలోని పోస్టులన్నీ పారుతుంటాయనుకున్న ఫెడరేటెడ్ టైమ్‌లైన్‌లోనూ ఏమీ ఉండదు. అదే సమయంలో మాస్టోడాన్ డాట్ సోషల్ లాంటి పెద్ద సర్వర్‌లో చూస్తే క్షణానికో పోస్టు వచ్చి పడుతుంటుంది. సాఫ్ట్‌వేర్ అదే, ఇంటర్నెట్ అదే. మరి తేడా ఎక్కడుంది?

ఈ వ్యవస్థలో కేంద్రమంటూ లేకపోవడమే దానికి కారణం. ఆ ఖాళీని నింపుకోవడానికి దారులున్నాయి. అయితే నింపే పద్ధతిని బట్టి, వదిలించుకున్న కేంద్రం దొడ్డిదారిన మళ్లీ వచ్చి కూర్చుంటుందా, రాదా అన్నది తేలుతుంది. అందుకే ఇది సర్వర్ నడిపేవారి సాంకేతిక ఇబ్బందితో ఆగిపోయే విషయం కాదు. మన మాటలు ఎవరి గుండా ప్రయాణించాలన్న ప్రశ్న ఇందులో ఉంది.

మాస్టోడాన్‌ను జర్మనీకి చెందిన ఓయ్‌గెన్ రోచ్కో 2016లో విడుదల చేశారు. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే యాక్టివిటీపబ్ అనే ఒప్పంద భాషను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2018 జనవరిలో ప్రమాణంగా ప్రకటించింది. సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ నిలిపేయడంతో 2019 నవంబరులో మన దేశం నుంచి చాలామంది ఒక్కసారిగా మాస్టోడాన్ వైపు చూశారు. 2022 అక్టోబరులో ట్విటర్ ఈలాన్ మస్క్ చేతికి వెళ్లాక ప్రపంచవ్యాప్తంగా లక్షల మంది వచ్చి చేరారు. వారిలో చాలామంది కొద్ది నెలల్లోనే వెనుదిరిగారు. ‘ఇక్కడ ఎవరూ లేరు’ అన్నది అప్పట్లో తరచుగా వినిపించిన ఫిర్యాదు. మనుషులు ఉన్నారు. కనిపించలేదంతే.

చందా కట్టినవారికే పత్రిక

ఎక్స్‌గా పేరు మారిన ట్విటర్, ఫేస్‌బుక్ లాంటి చోట్ల రాసినవన్నీ ఆయా కంపెనీ గోదాములోనే ఉంటాయి. మనకు ఏది చూపాలన్నా కంపెనీ అందులోంచి తీసి చూపిస్తుంది. ఫెడివర్స్‌లో అలాంటి గోదాము లేదు. ప్రతి సర్వర్ దగ్గరా తన పోస్టులూ, బయటినుంచి తనకు చేరిన పోస్టుల కాపీలూ మాత్రమే ఉంటాయి. ఆ కాపీలు చేరే తీరు అచ్చం పత్రిక చందా లాంటిది. చందా కట్టిన ఇంటికే పత్రిక వస్తుంది. కట్టిన తేదీ నుంచే వస్తుంది, పాత సంచికలు రావు. ఇంట్లో ఎంతమంది చదివినా వచ్చేది ఒకే ప్రతి. ఆ ఇంట్లో చందాదారు ఒక్కరూ మిగలకపోతే పత్రిక ఆగిపోతుంది. ఇక్కడ ‘ఫాలో’ అన్న మీటే చందా, సర్వర్ అన్నదే ఇల్లు.

ఈ పని జరిగే తీరును కాస్త దగ్గరగా చూద్దాం. మన సర్వర్ వెతుకులాట పెట్టెలో ఎవరిదైనా పూర్తి చిరునామా, అంటే పేరూ సర్వరూ కలిపి, టైపు చేస్తాం. మన సర్వర్ వెంటనే అవతలి సర్వర్ తలుపు తట్టి, ‘ఈ పేరుతో మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?’ అని అడుగుతుంది. ఇలా అడగడానికి వెబ్‌ఫింగర్ అనే పద్ధతి ఉంది. అవతలి సర్వర్ ఆ వ్యక్తి ప్రొఫైల్ ఎక్కడుందో చెబుతుంది. మన సర్వర్ వెళ్లి పేరు, ఫొటో, పరిచయ వాక్యాలు, పిన్ చేసిన పోస్టులేమైనా ఉంటే అవీ తెచ్చుకుంటుంది. ఇప్పుడు తెర మీద ఒక వింత కనిపిస్తుంది. ప్రొఫైల్ పైభాగంలో పోస్టులు వేలల్లో ఉన్నట్టు అంకె ఉంటుంది. కిందికి జరిపితే ఏమీ ఉండదు, ఇతర సర్వర్ల పాత పోస్టులు ఇక్కడ కనిపించవన్న చిన్న గమనిక తప్ప. అంకె అవతలి సర్వర్ చెప్పినది, ఖాళీ మన సర్వర్‌ది. రెండూ నిజమే.

ఫాలో నొక్కగానే మన సర్వర్ తన డిజిటల్ సంతకంతో ఒక అభ్యర్థన పంపుతుంది. అవతలి సర్వర్ అంగీకరించి, మన సర్వర్ పేరును తన పంపిణీ జాబితాలో రాసుకుంటుంది. ఆ క్షణం నుంచి ఆ వ్యక్తి రాసే ప్రతి కొత్త పోస్టూ మన సర్వర్‌కు దానంతటదే వస్తుంది. ఆ వ్యక్తి ఇంకెవరి పోస్టునైనా బూస్ట్ చేస్తే, అంటే తన ఫాలోయర్లకు మళ్లీ పంచితే, మన సర్వర్ ఆ పోస్టు పుట్టిన చోటికి వెళ్లి దాన్నీ తెచ్చుకుంటుంది. చుట్టుపక్కల ఎవరున్నారో తెలుసుకోవడానికి చిన్న సర్వర్‌కు బూస్టులే పెద్ద ఆధారం.

ఇంత తెలిశాక పెద్ద సర్వర్ కళకళలాడడంలో రహస్యమేమీ మిగలదు. లక్షల ఖాతాలున్న చోట, ఆ లక్షల మంది ఫాలో అయ్యేవారందరి పోస్టులూ వచ్చి చేరతాయి. ఫెడరేటెడ్ టైమ్‌లైన్ అంటే ‘ప్రపంచంలోని పోస్టులు’ అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఆ సర్వర్ సభ్యులందరి ఆసక్తుల మొత్తం. ఒక్కరే ఉన్న సర్వర్‌లో ఆ మొత్తం ఆ ఒక్కరి ఆసక్తి దగ్గరే ఆగుతుంది.

> ఒకే తెర, మూడు ప్రవాహాలు
> హోమ్: మనం ఫాలో అయ్యేవారి పోస్టులు, వారు చేసిన బూస్టులు. 2022 నవంబరులో వచ్చిన మాస్టోడాన్ 4.0 నుంచి మనం ఫాలో అయ్యే హ్యాష్‌ట్యాగుల పోస్టులు కూడా ఇందులోకే వస్తాయి.
> లోకల్: మన సర్వర్‌లో ఉన్నవారి బహిరంగ పోస్టులు మాత్రమే.
> ఫెడరేటెడ్: ఏ దారిలోనైనా మన సర్వర్‌కు చేరిన బహిరంగ పోస్టులు. చేరనివి ఇందులో ఉండవు, పదాలతో వెతికినా దొరకవు.

సంభాషణలో సగం వినపడదు

ఫీడ్ ఖాళీగా ఉండడం కంటికి కనిపిస్తుంది కాబట్టి త్వరగానే పట్టుకుంటాం. కనిపించని ఖాళీలు మరింత ఇబ్బంది పెడతాయి. లావణ్య ఒక సర్వర్‌లో, రహీం మరో సర్వర్‌లో, జోసెఫ్ మూడో సర్వర్‌లో ఉన్నారనుకుందాం. మనం నాలుగో సర్వర్ నుంచి లావణ్యను మాత్రమే ఫాలో అవుతున్నాం. లావణ్య పోస్టుకు రహీం జవాబిస్తే అది లావణ్య సర్వర్‌కు వెళుతుంది. ఆ సర్వర్ దాన్ని లావణ్య ఫాలోయర్లకు ముందుకు పంపే ఏర్పాటు మాస్టోడాన్‌లో ఉంది కాబట్టి, అన్నీ కుదిరితే మనకూ చేరుతుంది. కానీ రహీం జవాబుకు జోసెఫ్ ఇచ్చిన జవాబును ముందుకు పంపవలసింది రహీం సర్వర్. దాని జాబితాలో మన సర్వర్ లేదు. కాబట్టి ముగ్గురు మాట్లాడుకున్న చర్చలో మనకు ఇద్దరి మాటలే వినిపిస్తాయి. లైకుల సంగతీ ఇంతే. లైక్ కబురు వెళ్లేది రాసినవారి సర్వర్‌కే గనుక, అక్కడ వందలు కనిపించే పోస్టుకు మన దగ్గర ఒకటో రెండో మాత్రమే కనిపించవచ్చు.

దీని ఫలితం మర్యాద మీద కూడా పడుతుంది. ఒక ప్రశ్నకు అప్పటికే పదిమంది సరైన జవాబు చెప్పినా, అవి కనిపించని పదకొండో మనిషి అదే జవాబు మళ్లీ చెబుతాడు. అడిగినవారికి విసుగు, చెప్పినవారికి చిన్నబోవడం. ఇందులో ఎవరి తప్పూ లేదు. మాస్టోడాన్ నిర్మాతలు ఈ లోటును గుర్తించి, 2025లో వచ్చిన 4.5 వెర్షన్‌లో ఒక ఏర్పాటు చేశారు. మనం ఒక పోస్టు తెరిచినప్పుడు, దాని జవాబుల జాబితాను మూల సర్వర్ల దగ్గర అడిగి తెలుసుకుని, తప్పిపోయినవాటిని సర్వర్ వెనకనుంచి తెచ్చిపెడుతుంది. నా దృష్టిలో ఫీడ్ నింపే విషయంలో ఇటీవల జరిగిన అతి ముఖ్యమైన మార్పు ఇదే. ఎందుకంటే ఇది చదవాలని మనిషి చెయ్యి వేసిన చోటికే వెళ్లి తెస్తుంది. మిగతాది ముట్టుకోదు.

అన్నీ తెచ్చి పోసుకుంటే పోలేదా?

‘బహిరంగ పోస్టులే కదా, ప్రతి సర్వరూ అన్ని సర్వర్ల నుంచీ అన్నీ కాపీ చేసుకుంటే సరిపోతుందిగా’ అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ఇది ఒకసారి చేసి చూసిన ప్రయోగమే. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎలిస్ అనే విద్యార్థులు 1979లో ఆలోచన చేయగా మొదలైన యూజ్‌నెట్ సరిగ్గా ఇలాగే నడిచింది. ఒక చోట రాసింది పక్క సర్వర్‌కు, అక్కడినుంచి దాని పక్కదానికి, అలా ఆ చర్చావిభాగాన్ని ఉంచుకున్న ప్రతి సర్వర్‌కూ కాపీ అయ్యేది. అందరి దగ్గరా అన్నీ ఉండేవి. జనం తక్కువగా, రాతలు చిన్నవిగా ఉన్నన్నాళ్లు అది అద్భుతంగా పనిచేసింది. ఫైళ్లు పెరిగాయి, చెత్త ప్రకటనలు పెరిగాయి, అన్నిటినీ మోసే ఖర్చు ప్రతి సర్వర్ మీదా పడింది. ఇంటర్నెట్ కంపెనీలు ఒక్కొక్కటిగా ఆ సేవను వదిలేశాయి. చివరికి పుట్టినిల్లు అయిన డ్యూక్ విశ్వవిద్యాలయమే వాడకం తగ్గి, ఖర్చు పెరిగిందంటూ 2010లో తన యూజ్‌నెట్ సర్వర్‌ను మూసేసింది.

చిన్న మాస్టోడాన్ సర్వర్‌కూ ఈ భారం వెంటనే తెలుస్తుంది. బయటినుంచి ఒక పోస్టు వస్తే అక్షరాలతో పాటు అందులోని బొమ్మలను, రాసినవారి ప్రొఫైల్ ఫొటోను కూడా మన సర్వర్ తన డిస్కులో దాచుకుంటుంది. పోస్టులో ఏదైనా వెబ్‌సైటు లింకు ఉంటే, దాని శీర్షికా బొమ్మా తెచ్చుకోవడానికి ఆ సైటుకు వెళ్లి వస్తుంది. ఒకే లింకు వేల సర్వర్లకు చేరితే, వేల సర్వర్లు ఇంచుమించు ఒకేసారి ఆ సైటు మీద పడతాయి. చిన్న వెబ్‌సైట్లు ఈ తాకిడికి చతికిలబడిన సందర్భాలు ఉన్నాయి. ఇటు మన డిస్కు నిండుతుంది, పనుల వరుస పెరుగుతుంది, చివరికి మనం ఫాలో అయినవారి పోస్టులే ఆలస్యంగా వస్తాయి. ఎవరూ చదవనిదాని కోసం చదవాలనుకున్నది వెనక్కి పోతుంది. పాత బొమ్మలను కొన్ని రోజుల తర్వాత తొలగించే సదుపాయం ఉంది కానీ, దాన్ని అమర్చుకోవాలని చాలామందికి తెలిసేసరికే డిస్కు నిండిపోయి ఉంటుంది.

ఖర్చును మించిన విషయాలు రెండున్నాయి. మొదటిది, రాసినవారి ఇష్టం. ఎవరైనా తన పోస్టును చెరిపేస్తే ఆ కబురు పంపిణీ జాబితాలోని సర్వర్లకు వెళుతుంది. అడ్డదారిలో కాపీ తెచ్చుకున్న సర్వర్‌కు అది చేరకపోవచ్చు. చెరిపేశాననుకున్న మాట ఎక్కడో మిగిలే ఉంటుంది. రెండోది, ఇంకా తీవ్రమైనది. 2023 జులైలో స్టాన్‌ఫర్డ్ ఇంటర్నెట్ అబ్జర్వేటరీ పరిశోధకులు ఫెడివర్స్‌లో రెండు రోజుల పాటు సుమారు 3,25,000 పోస్టులు పరిశీలిస్తే, పిల్లలపై లైంగిక అకృత్యాల చిత్రాలుగా ముందే గుర్తించినవాటితో 112 సరిపోలాయి. విచక్షణ లేకుండా అన్నిటినీ లాగే సర్వర్, అలాంటి బొమ్మను యజమానికి తెలియకుండానే అతని డిస్కులో తెచ్చి పెట్టగలదు. ఖాళీ ఫీడ్ చూసి బాధపడి ఎడాపెడా అన్నీ తెచ్చుకోబోయేవారికి ఈ ప్రమాదం ముందుగా చెప్పడం అవసరం.

‘బ్లూస్కైలో ఈ బాధ లేదుగా?’

నిజమే, 2024 ఫిబ్రవరిలో అందరికీ తెరుచుకున్న బ్లూస్కై అనే మరో సోషల్ మీడియాలో కొత్తగా చేరినవారికి ఖాళీ తెర కనిపించదు, జవాబులు తప్పిపోవు. అక్కడ సొంత సర్వర్ పెట్టుకుని మన రాతలను అందులో దాచుకోవచ్చు కూడా. కానీ ఆ సర్వర్లన్నిటి రాతలనూ ఒక పెద్ద యంత్రాంగం ఒకచోటికి పోగుచేస్తుంది. ఫీడ్ తయారయ్యేది ఆ పోగులోంచే. అంటే నిల్వ చెదిరి ఉంది, చూపు మాత్రం ఒకచోటే ఉంది. యాక్టివిటీపబ్ రచయితల్లో ఒకరైన క్రిస్టీన్ లెమ్మర్-వెబర్ 2024 నవంబరులో రాసిన సుదీర్ఘ విశ్లేషణలో ఎత్తిచూపింది ఈ విషయాన్నే. మాస్టోడాన్ కబుర్లను చిరునామా చూసి పంపే పద్ధతి, బ్లూస్కై అన్నిటినీ పోగేసి వెతుక్కునే పద్ధతి అని ఆమె విడమర్చారు. మొత్తం పోగును మోయగలిగేవారు తక్కువమందే ఉంటారు, నెట్‌వర్క్ పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతారు. సౌకర్యం కావాలనుకునేవారిని నేను తప్పుపట్టను. కానీ ఆ సౌకర్యం వచ్చింది కేంద్రం వల్లనే. కేంద్రం వద్దనుకుని సొంత సర్వర్ పెట్టినవారు దాన్ని ఆదర్శంగా తీసుకోలేరు.

మంచి అల్గారిదం ఉంటే ఖాళీ పోతుందన్న వాదనా వినిపిస్తుంది. అల్గారిదం ఉన్నవాటిలోంచి ఏరగలదు, లేనిదాన్ని తేలేదు. సర్వర్‌కు చేరిన పోస్టులు నలభై ఉంటే ఎంత తెలివైన అల్గారిదమైనా ఆ నలభైలోంచే చూపించాలి. ‘ఖాళీగా ఉంటే పెద్ద సర్వర్‌లోనే చేరొచ్చుగా’ అనేవారికి కూడా ఇక్కడే జవాబుంది. అందరూ ఆ పనే చేస్తే పెద్ద సర్వర్ ఇంకా పెద్దదవుతుంది, దాని నిర్వాహకుల నిర్ణయమే అందరికీ శాసనమవుతుంది. పారిపోయి వచ్చిన చోటికే తిరిగి చేరినట్టు.

ఏ దారిలో నింపాలి?

రిలే అన్నది 2018 నుంచి మాస్టోడాన్‌లో ఉన్న సదుపాయం. కొన్ని సర్వర్లు తమ బహిరంగ పోస్టులను ఒక మధ్యవర్తి యంత్రానికి పంపుతాయి, అది వాటిని సభ్య సర్వర్లన్నిటికీ పంచుతుంది. నిర్వాహకుడు ఒక చిరునామా అతికిస్తే చాలు, నిమిషాల్లో ఫెడరేటెడ్ టైమ్‌లైన్ పరుగులు తీస్తుంది. అయితే అవి హోమ్‌లోకి రావు, వచ్చేవాటిలో మన భాషవీ మన ఆసక్తివీ ఎన్ని ఉంటాయన్నది అదృష్టం. నిండిన ఫీడ్ వేరు, చదవదగిన ఫీడ్ వేరు.

దీనికంటే మేలైనది ట్యాగుల వారీ రిలే. ఫెడిబజ్ లాంటివి ‘ఈ హ్యాష్‌ట్యాగు ఉన్న పోస్టులు మాత్రమే పంపు’ అని అడిగే వీలిస్తాయి. పక్షుల పరిశీలన మీద ఆసక్తి ఉన్న ఒక మనిషి సర్వర్ ఆ ఒక్క ట్యాగునే తెప్పించుకోవచ్చు. ఆ ట్యాగును మనిషి కూడా ఫాలో అయితే, వచ్చిన ప్రతి పోస్టూ నేరుగా హోమ్‌లోకి చేరుతుంది. ఈ రెండూ జతపడాలి. ట్యాగును ఫాలో అయి రిలే పెట్టకపోతే, సర్వర్‌కు చేరినవాటిలో ఆ ట్యాగున్నవే కనిపిస్తాయి, అంటే దాదాపు ఏవీ కనిపించవు. రిలే పెట్టి ట్యాగును ఫాలో కాకపోతే పోస్టులు వచ్చి ఫెడరేటెడ్ ప్రవాహంలో కొట్టుకుపోతాయి. కొత్తవారు ‘ట్యాగు ఫాలో అయ్యాను, ఏమీ రావడం లేదు’ అనడానికి కారణం సాధారణంగా ఇదే.

ఫెడిఫెచర్ లాంటి చిన్న ప్రోగ్రాములు ఇంకో పని చేస్తాయి. కొత్తగా ఫాలో అయినవారి పాత పోస్టులను, మన హోమ్‌లో ఉన్న పోస్టుల తప్పిపోయిన జవాబులను వెతికి తెస్తాయి. ఇవి మన ఆసక్తి చుట్టూనే తిరుగుతాయి కాబట్టి భారం అదుపులో ఉంటుంది. ఏ ప్రోగ్రామూ లేకుండా చేతితో చేయగలిగినదీ ఉంది. ఎక్కడైనా కనిపించిన ఫెడివర్స్ పోస్టు లింకును మన సర్వర్ వెతుకులాట పెట్టెలో అతికిస్తే, సర్వర్ వెళ్లి ఆ ఒక్క పోస్టునూ తెచ్చుకుంటుంది. అక్కడినుంచి జవాబివ్వవచ్చు, బూస్ట్ చేయవచ్చు, రాసినవారిని ఫాలో కావచ్చు.

అన్నిటికన్నా పునాది మాత్రం మనుషులను ఫాలో కావడమే. మొదటి వారంలో ఉదారంగా ఫాలో కావాలి. ముఖ్యంగా ఇతరుల పోస్టులను తరచూ బూస్ట్ చేసేవారిని వెతికి పట్టుకోవాలి, వారి ఒక్కో బూస్టూ మన సర్వర్‌కు ఒక కొత్త మనిషిని పరిచయం చేస్తుంది. నచ్చనివారిని తర్వాత వదిలేయవచ్చు.

చిన్న భాషలకు పెద్ద నష్టం

ఈ చర్చ తెలుగువారికి ఎందుకు పట్టాలో చెప్పాలి. పోస్టు ప్రయాణించేది ఫాలోల మీదా బూస్టుల మీదా అయినప్పుడు, ఎక్కువమంది ఉన్న భాషలోని మాట ఎక్కడికైనా చేరుతుంది. ఇంగ్లిషులో, జర్మన్‌లో, జపనీస్‌లో రాసేవారికి ప్రతి పెద్ద సర్వర్‌లోనూ ఎవరో ఒక ఫాలోయర్ ఉంటారు. తెలుగులో రాసేవారు హైదరాబాద్‌లో ఒక సర్వర్‌లో, డాలస్‌లో మరో సర్వర్‌లో చెదిరి ఉంటే, ఒకరి ఉనికి ఇంకొకరి సర్వర్‌కు తెలియనే తెలియదు. తెలుగు పోస్టుల కోసం వెతికితే ఖాళీ కనిపిస్తుంది, ఎవరూ రాయడం లేదనుకుని వెళ్లిపోతారు. ఆ వెళ్లిపోవడంతో ఖాళీ ఇంకా పెరుగుతుంది. చిన్న భాషకు కేంద్రం లేకపోవడం నష్టమన్న విమర్శలో నిజముందని ఒప్పుకోవాలి. కానీ కేంద్రం ఉన్న చోట కూడా తెలుగు పోస్టు ఎంతమందికి చూపాలన్నది కంపెనీ చేతిలోనే ఉంటుంది, దాని లెక్కలేమిటో మనకు చెప్పరు. ఇక్కడ అడ్డంకి ఏమిటో కనీసం పూర్తిగా తెలుసు, తొలగించే పనిముట్లు మన చేతిలో ఉన్నాయి.

ఆ పని పెద్దదేమీ కాదు. తెలుగులో రాసేవారు పోస్టులకు ఒకే ట్యాగు వాడాలి. తెలుగు లిపిలోని ట్యాగూ ఇంగ్లిషు అక్షరాల్లోని ట్యాగూ సర్వర్‌కు రెండు వేర్వేరు ట్యాగులు, కాబట్టి రిలే దగ్గర రెండూ అడగడం మంచిది. పోస్టు రాసేటప్పుడు భాష దగ్గర తెలుగు అని ఎంచుకోవాలి, లేకపోతే భాషను బట్టి వడపోసుకునేవారికి అది కనిపించదు. తనను ప్రస్తావించిన ప్రతి పోస్టునూ ఫాలోయర్లందరికీ బూస్ట్ చేసే గ్రూపు ఖాతా ఒకటి ఎవరైనా నడిపితే, దాన్ని ఫాలో అయిన ప్రతి చిన్న సర్వర్‌కూ తెలుగు పోస్టులు రావడం మొదలవుతుంది. దానికి పెద్ద యంత్రమేదీ అక్కర్లేదు. చెత్త పోస్టులు వస్తే ఆపడానికి ఓపికున్న ఇద్దరు ముగ్గురు నిర్వాహకులు కావాలి, వారిలో ఒకరు నిద్రపోయే వేళకు ఇంకొకరు మేలుకుని ఉండేలా వేరే దేశంలో ఉంటే మరీ మంచిది.